ఎత్తు చెప్పకుండా ఆడిన ఆట

బరంపురంలో ఇంగ్లీషు దొరని పదకొండు ఎత్తుల్లో ఆటకట్టించిన తెలుగు మేష్టారు ఎవరయ్యా అంటే నేనే. గుర్రాన్ని కావాలని చంపించుకుని మరీ గెలిచాను. దొర లేచి నిలబడి టోపీ తీశాడు. ఈ కథ బడిలో చెప్పాను, పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, రైల్లో పక్కవాడు నిద్రపోతున్నా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దొర హోదా కాస్త పెరిగేది. మొదట్లో రైలు గార్డు. తరవాత పోలీసు ఇనస్పెక్టరు. ఈమధ్య కలెక్టరు దాకా వచ్చి ఆగాడు. నేనింకో అయిదేళ్ళు ఓపిగ్గా ఉంటే మద్రాసు గవర్నరు అయిపోయేవాడు.

ఇప్పుడు నాకు తొంభై ఏళ్ళు. సరే, ఎనభై ఒకటి. ఈ మాట కూడా పెంచకుండా చెప్పలేకపోతున్నానంటే నా సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది. అందుకే మళ్ళీ మనసు మారేలోపు రాసేస్తున్నాను.

దొర లేడు. పదకొండు ఎత్తులు కాదు, పద్దెనిమిదో పంతొమ్మిదో. టోపీ లేదు. చూస్తున్నవాళ్ళలో ఒకాయనకి తలపాగా ఉండేది, ఆయన దాన్ని తియ్యలేదు. గుర్రాన్ని చంపించుకున్న మాట ఒక్కటే నిజం. నేను ఓడించినది మా మేనమామని.

మావయ్యది పెద్ద బజారులో పసుపూ చింతపండూ టోకు కొట్టు. ఏజెన్సీ కొండల నుంచి పసుపు బస్తాలు బళ్ళ మీద దిగేవి. సోనేపూర్ నుంచి చేపలవాళ్ళు చింతపండుకి వచ్చేవాళ్ళు. పాత్రపూర్ రైతులు సరుకు దింపి, ఎడ్లని విప్పి, ఎండ తగ్గేదాకా ఆ కొట్టు అరుగు మీదే కూర్చునేవాళ్ళు. లోపల గద్దె మీద మావయ్య, త్రాసు దగ్గర ఆయన పెద్ద కొడుకు, అంటే మా బావ. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక మావయ్య గద్దె దిగి అరుగు మీదికొచ్చి చదరంగం బల్ల పరిచేవాడు. ఆ బజారులో ఆయన్ని ఓడించినవాడు లేడు. ఇది మాత్రం నేను పెంచి చెబుతున్నది కాదు.

ఆ అరుగు మీద ఒక కట్టుబాటు ఉండేది. ఎత్తు వేసినవాడు ఏ బలాన్ని ఎక్కడ పెట్టాడో నోటితో గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే ఎత్తు చెల్లదు. ఊరికే చెప్పడం కూడా కాదు, కాస్త కారం కలిపి చెప్పాలి.

"ఇదిగో, గుర్రం బయటికొచ్చింది, శకటు ముందుకి! కాసుకో శెట్టీ!"

"రానీ రానీ. మా ఏనుగు రాజు పక్కకి జరిగింది. గడ్డి పెట్టి పంపుతాది నీ గుర్రానికి."

"మావా, నీ మంత్రికి ముసలితనం ఒచ్చినట్టున్నాది, కదల్డం లేదు."

"కదలకుండానే నీ ఇద్దరు బంట్లని మింగీసినాది కదరా, కదిల్తే నువ్వుంటావేటి?"

పాత్రపూర్ బళ్ళవాళ్ళు ఒడియాలో అందుకునేవాళ్ళు. గుర్రం చస్తే "ఘోడా గొలా!" అని అరుగంతా ఒకటే కేక. మా అరుగు చూసి పక్క కొట్లవాళ్ళు కూడా ఎత్తులు అరిచి ఆడడం మొదలుపెట్టారు. దాన్ని అందరూ సరదా అనుకున్నారు. నేనూ అనుకున్నాను, ఆసుపత్రికి వెళ్ళొచ్చిన రోజు దాకా.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మా ఇంట్లో కొట్టు వదిలి బడి పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒకరోజు మావయ్య బడికొచ్చి, ఎక్కడికో చెప్పకుండా నన్ను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరుకి తెలుగు రాదు, మావయ్యకి ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. డాక్టరు దీపం పెట్టి రెండు కళ్ళలోకీ చాలాసేపు చూసి, ఇది కోసి తీసే పొర కాదు, లోపలి నరం ఎండిపోతోంది, ఇప్పుడు కనిపిస్తున్న నీడలు కూడా కొన్నాళ్ళే అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. చెబుతూ కొంచెం తగ్గించబోయాను.

"తగ్గించకురా," అన్నాడు మావయ్య. "ఆయన అంతసేపు మాటాడితే నువ్వు ఇంతే సెప్పినావు. మిగతాది కూడా సెప్పు."

చెప్పాను.

తిరిగొస్తూ దారిలో నా భుజం మీద చెయ్యేశాడు. ప్రేమగా అనుకున్నాను. దారికని తరవాత తెలిసింది.

"రెండేళ్ళయింది అల్లుడా నాకు సరిగ్గా కనబడక. పసుపు కొమ్ము ఇరిచి వాసన సూస్తే ఏ కొండదో సెప్పీగల్ను. చింతపండు నొక్కితే ఏ ఏడుదో సెప్పీగల్ను. అడుగుల సప్పుడు బట్టి మనిషిని పోల్చుకుంటాను. బల్ల దగ్గర మాత్రం అరిచి సెప్పకపోతే నాకు ఆట లేదు. అందుకే ఆ కట్టుబాటు ఎట్టీసినాను. ఎవుడికీ తెలీదు. మీ అత్తకీ తెలీదు."

"బావకి చెబితే మంచిది కదా మావయ్యా?"

"సెప్తే ఆ పూటే నన్ను గద్దె దింపి మూల కూకోబెడతాడు. సెడ్డోడు కాడు, మంచోడే. మంచితనంతోటే దింపుతాడు. నన్ను నా కొట్టులో ఉండనీ, ఉన్నన్నాళ్ళు. నువ్వు ఎవుడితోటీ అనకు."

అననని మాట ఇచ్చాను. ఆ మాట నేను తప్పలేదు. నోటితో ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఈ ఒక్క వాక్యాన్ని అడ్డం పెట్టుకునే బతికాను.

ఆ ఏడాదే మా బడికి మద్రాసు నుంచి కొత్త హెడ్మాస్టరు వచ్చారు. తలపాగా ఆయనదే. ఆయన దగ్గర ఇంగ్లీషు చదరంగం పుస్తకం ఒకటి ఉండేది, నాకు చదవడానికిచ్చారు. మన ఆటలో బంటు మొదట ఒక్క గడే నడుస్తుంది. ఇంగ్లీషు ఆటలో మొదటి ఎత్తుకి రెండు గళ్ళు దూకొచ్చు. అందుకని మన ఆటలో ఇరవై ఎత్తులకి గానీ రాని కొట్లాట అక్కడ నాలుగో ఎత్తుకే వచ్చేస్తుంది. ఆ పుస్తకంలో కింగ్స్ గాంబిట్ అని ఒక ఆరంభం ఉంది. రాజు బంటుని రెండు గళ్ళు తోస్తావు, అవతలివాడూ తోస్తాడు. వెంటనే పక్కనున్న శకటు బంటుని కూడా రెండు గళ్ళు తోసి, తినమని ఇచ్చేస్తావు. తింటాడు. నువ్వు గుర్రాన్ని తెస్తావు. తిన్న బంటుని కాపాడుకోవడానికి వాడు ఇంకో బంటుని తోసుకొస్తాడు, నువ్వు శకటుని బయటికి తియ్యగానే అది నీ గుర్రం మీదికే వస్తుంది. బుద్ధున్నవాడు గుర్రాన్ని తప్పిస్తాడు. ఈ ఆటలో తప్పించకూడదు. గుర్రాన్ని అక్కడే వదిలేసి, రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో చోటు మార్చి, కోట కట్టుకుని కూర్చోవాలి. వాడు గుర్రాన్ని కొడతాడు. ఆ కొట్టిన బంటుని నువ్వు మంత్రితో కొడతావు. అప్పుడు చూడండి, మంత్రీ శకటూ ఏనుగూ అన్నీ వాడి రాజు పక్క గడి వైపే గురిపెట్టి ఉంటాయి.

నాకది చదివి నిద్ర పట్టలేదంటే అబద్ధం, హాయిగా పట్టింది. కానీ నిద్రలో కూడా మావయ్యే ఓడిపోయాడు. నాకు ఏడో ఏట ఆట నేర్పినది ఆయనే. పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా నేను గెలవలేదు. ప్రతి ఆట చివరా "మరోటి ఎట్టీమంటావేటి?" అని నవ్వేవాడు. ఆ నవ్వులో ఏ చెడూ లేదు. నాకు మాత్రం గుచ్చుకునేది.

ఇంగ్లీషు ఆట నేర్పుతానంటే మావయ్య సంబరపడ్డాడు. రెండు మధ్యాహ్నాల్లో నోటి మాట మీదే అన్నీ పట్టేశాడు. కోట కట్టడం విని, "రాజుగోరు ఏనుగు ఎనకాల దాంకుంటాడా? బాగున్నాది, మన కలెక్టరు లాగ," అన్నాడు. గాంబిట్ సంగతి నేను చెప్పలేదు. ఇంకో రెండు నియమాలు కూడా అప్పుడు చెప్పలేదు. వాటిని ఆట రోజుకి దాచుకున్నాను.

హెడ్మాస్టరు గారిని ఒక మధ్యాహ్నం అరుగు మీదికి పిలిచాను. ఆయన తన బల్లే తెచ్చారు, నున్నటి కొత్త బలాలు. అరుగు నిండా జనం. పాత్రపూర్ బళ్ళు నాలుగు విప్పి ఉన్నాయి. మావయ్య ఉతికిన పంచె కట్టుకుని, నా మేనల్లుడు ఇంగ్లీషాట ఆడతాడని అందరికీ చెబుతూ కూర్చున్నాడు. నేను మొదటి ఎత్తు వేసి అప్పుడు అన్నాను.

"మావయ్యా, ఇంగ్లీషు ఆటలో ఎత్తు పైకి చెప్పకూడదు. నిశ్శబ్దంగా ఆడాలి. అది మర్యాద. చూసేవాళ్ళు కూడా మాట్లాడకూడదు."

ఆయన ముఖం నా వైపు తిరిగింది. కళ్ళు నా చెవి దగ్గర ఎక్కడో ఆగాయి.

"అలాగేటి?" అన్నాడు.

అంతే అన్నాడు. "ఒద్దురా" అనొచ్చు. అంటే ఎందుకని అందరూ అడుగుతారు. నేను ఆయన్ని ఎక్కడ నిలబెట్టానో నాకు బాగా తెలుసు. తెలిసే నిలబెట్టాను.

అయినా చూడండి, మొదటి అయిదు ఎత్తులూ ఆయన తప్పకుండా ఆడాడు. బలం బల్లని తాకిన చప్పుడు ఏ పక్క నుంచి వస్తుందో దాన్నిబట్టి పోల్చుకున్నాడు. నేను కోట కట్టినప్పుడు రెండు చప్పుళ్ళు వినిపించాయి, అది కోట అని తెలుసుకున్నాడు. నా గుర్రం కదల్లేదని కూడా తెలుసుకుని, తడుముకోకుండా బంటుతో దాన్ని కొట్టి పక్కన పెట్టాడు. జనం ఆపుకోలేక "ఘోడా గొలా!" అన్నారు. హెడ్మాస్టరు గారు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

నేను ఆ బంటుని కొట్టాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆ గడిలో ఉన్న బంటుని నావి మూడు బలాలు కొట్టొచ్చు. మంత్రి కొట్టొచ్చు, ఏనుగు కొట్టొచ్చు, పక్కనున్న బంటూ కొట్టొచ్చు. ఏది కొట్టినా చప్పుడు ఒకటే. వినేవాడికి తెలిసే దారి లేదు. పుస్తకం చదివిన రోజే ఇది నాకు తట్టింది. ఆ ఆరంభాన్ని నేను ఎంచుకున్నది దాని అందం చూసి కాదు.

మావయ్య గొంతు తగ్గించి, నాకే వినబడేలా, "ఏటితో కొట్టినావురా?" అన్నాడు.

నేను వినపడనట్టు కూర్చున్నాను.

"అల్లుడా, ఏటితో?"

"మాట్లాడకూడదు మావయ్యా," అన్నాను, అందరికీ వినబడేలా.

అప్పుడాయన చెయ్యి చాచాడు. వేళ్ళు మెల్లిగా బల్ల మీదికి వచ్చి, ఆ గడి దగ్గర నా మంత్రి తలని తాకి, ఒక్క క్షణం దాన్ని నిమిరి, తెలుసుకుని, వెనక్కి వెళ్తూ దారి కోసం తన రాజు మీద ఆనాయి. నేను దాచుకున్న రెండో నియమం దానికే.

"రాజుని తాకారు. తాకిన బలాన్నే ఎత్తాలి. ఇంగ్లీషు నియమం."

హెడ్మాస్టరు గారు అవునని తలూపారు. పాపం ఆయనకేం తెలుసు. మావయ్య రాజుని పట్టుకుని ఒక గడి ముందుకి, ఉన్న ఒక్క ఖాళీలోకి జరిపాడు. తన మంత్రికీ తన శకటుకీ తన రాజే అడ్డం నిలబడ్డాడు. అరుగు మీద నవ్వులు. "రాజుగారు షికారుకి బయల్దేరారు!" అని ఎవరో అన్నారు. తరవాతివి ఆట కాదు. ఆయన చేతులు బల్ల మీద వెతుక్కోవడం, ఏదో ఒకటి తగలడం, తగిలినదాన్ని నేను ఎత్తించడం. ఒకసారి కొట్టి పక్కన పెట్టిన బంటుని తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టబోయాడు. నవ్వులు అక్కడ ఆగిపోయాయి.

మా బావ త్రాసు వదిలి ఎప్పుడొచ్చాడో, వెనక నిలబడి ఉన్నాడు. వంగి, తండ్రి ముఖం ముందు చెయ్యి అడ్డంగా ఊపాడు. మావయ్య రెప్ప వెయ్యలేదు.

"నాయినా," అన్నాడు బావ, "నీకు కనబడ్డం లేదా?"

అరుగంతా విన్నది. మావయ్య నా వైపు, ఈసారి సరిగ్గా నా ముఖం వైపే తిరిగి, "ఇంకెన్ని ఎత్తులురా?" అన్నాడు.

"రెండు, మావయ్యా."

"మరి ఎయ్యి. సగంలో ఎందుకు ఒదిలీడం."

వేశాను. హెడ్మాస్టరు గారు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నేను ఆ చేతిని పుచ్చుకున్నాను.

వారం తిరక్కుండా బావ గద్దె మీద కూర్చున్నాడు. మావయ్య చెప్పినట్టే జరిగింది, మంచితనంతోనే జరిగింది. కొట్లో తగిలి పడతారని, బస్తాలు మీద పడతాయని, హల్దియాపదర్‌లో పసుపు ఆరబెట్టే దొడ్డి పక్కన ఇల్లుంటే అక్కడికి ఆయన్నీ అత్తనీ పంపేశారు. అరుగు మీద బల్ల పరిచేవాళ్ళు లేరు. పాత్రపూర్ బళ్ళవాళ్ళు రెండు మూడుసార్లు అడిగి, తరవాత పక్క కొట్టు అరుగుకి మారిపోయారు. బజారులో ఎత్తులు అరవడం కూడా మెల్లిగా పోయింది. ఇంగ్లీషు పద్ధతిలో నిశ్శబ్దంగా ఆడడం గొప్పయింది. ఆ గొప్పా నాదే.

మూడు నెలలు నేను హల్దియాపదర్ వైపు వెళ్ళలేదు. పరీక్షలన్నాను, జ్వరమన్నాను. చివరికి అత్త కబురు పెడితే ఒక ఆదివారం పొద్దున్న వెళ్ళాను. దొడ్డంతా పసుపు పరిచి ఉంది. మావయ్య మధ్యలో పీట మీద కూర్చుని కొమ్ములు చేత్తో ఏరుతున్నాడు. నేను దొడ్డి తలుపు దగ్గర ఉండగానే, "రా అల్లుడా, సెప్పులు ఇడిసి రా, పసుపు తొక్కీకు," అన్నాడు.

బడి సంగతి అడిగాడు. అమ్మ సంగతి అడిగాడు. ఆ తరవాత, "ఆ ఆట మళ్ళీ ఎట్టు. బల్ల ఒద్దు, నోటితో," అన్నాడు.

ఆడాం, నేనో ఎత్తు, ఆయనో ఎత్తు. రాజు బంటు రెండు గళ్ళు. నాదీ రెండు. శకటు బంటు ఇస్తున్నాను. తిన్నాను. గుర్రం బయటికి. బంటు. శకటు. గుర్రం మీదికి బంటు. కోట. గుర్రాన్ని కొట్టినాను.

"మంత్రితో కొట్టాను," అన్నాను.

కింద పరిచిన పసుపుకి చెప్పినట్టు చెప్పాను.

"గట్టిగా సెప్పు, ఇనపడాల."

"మంత్రితో."

"హఁ. అయితే నా మంత్రి మూలవాటుగా రెండు గళ్ళు ముందుకి. తిన్న బంటునీ కాస్తాది, రాజు పక్క గడినీ కాస్తాది. ఇంక నువ్వు సెయ్యడానికి ఏటున్నాది? గుర్రం ఊరికే ఇచ్చీసినావు."

నేను ఇంకో పాతిక ఎత్తులు పెనుగులాడాను. ఆయన కొమ్ములు ఏరుతూనే నన్ను ఆటకట్టించాడు. "మరోటి ఎట్టీమంటావేటి?" అనలేదు. నవ్వలేదు కూడా. కాసేపటికి అడిగాడు.

"ఒకటి సెప్పు. ఆసుపత్రి నుంచి ఒస్తూ నేను నీకు సెప్పిన మాట, ఆ రోజు అరుగు మీద నీకు గుర్తుందా?"

తల వంచుకున్నాను. ఆయనకి కనబడదని తెలిసి కూడా వంచుకున్నాను.

"లేదు మావయ్యా. ఆట హడావిడిలో మరిచిపోయాను."

ఆయన చేతిలో కొమ్ముని విరిచి వాసన చూశాడు. మంచి కొమ్ముల వైపు వేశాడు.

"మరిచిపోతే ఇంక తప్పేటుంది," అన్నాడు.

ఆ రోజు నుంచి పోయేదాకా, హల్దియాపదర్ ఇంటికి ఎవరొచ్చినా ఆయనే చెప్పేవాడట. "మా అల్లుడు గుర్రం ఇచ్చి మరీ నన్ను కొట్టినాడండి. మద్రాసు మేష్టారు లేచి నిలబడిపోయినాడు." హెడ్మాస్టరు గారు కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. కళ్ళ సంగతి ఆ కథలో ఎక్కడా ఉండేది కాదట. కథని మొదట పెంచినది ఆయన. నేను వారసత్వంగా తీసుకున్నాను. ఆయన పోయాక, ముసలాయన్ని ఓడించానంటే వినేవాళ్ళు ఎలా ఓడించావని అడుగుతారేమోనని, ఆయన కూర్చున్నచోట ఒక దొరని తెచ్చి కూర్చోబెట్టాను.

నేను మరిచిపోలేదు. అరుగు మీద ఆ మాట నాకు గుర్తుంది. మొదటి ఎత్తు వెయ్యకముందు నుంచీ గుర్తుంది.